కారు అప్‌గ్రేడ్ చేస్తున్నారా? 4 మీటర్ల గీత దాటే ముందు ఈ లెక్కలు ఓసారి చూసుకోండి

స్విఫ్టో, ఐ20నో, పోలోనో నాలుగైదేళ్లు ఇష్టంగా నడిపాక కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఒకటే ప్రశ్న మొదలవుతుంది. నెక్స్ట్ ఏ కారు? రాత్రి పన్నెండు దాకా రివ్యూ వీడియోలు చూస్తారు. ఆదివారం రెండు మూడు షోరూమ్‌లు తిరుగుతారు. ఇంట్లో వాళ్లు మాత్రం ముందే తేల్చేస్తారు.. "ఈసారి కాస్త పెద్ద బండి తీసుకుందాం" అని.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కారు సైజు పెరిగితే అప్‌గ్రేడ్ అయిపోయినట్టే అనుకుంటారు. డ్రైవింగ్ అంటే ప్రాణమిచ్చేవాళ్లకు పెద్ద కారు అన్నిసార్లూ మంచి కారు కాదు. లక్షలు ఎక్కువ పోసి, పాతదాని కంటే మందకొడిగా నడిచే బండిని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు వచ్చాక చిన్న కారుకు, పెద్ద కారుకు మధ్య పన్నుల లెక్క కూడా మారిపోయింది.

పెద్ద కారు.. కానీ స్లో కారు!

ఒక ఉదాహరణ చూద్దాం. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో ఉండేది 1.0 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్. 120 పీఎస్ పవర్, 172 ఎన్‌ఎం టార్క్ ఇస్తుంది. దీన్ని నడిపిన వ్యక్తి 'పెద్ద బండి' కోసం క్రెటాకు వెళ్లాడనుకుందాం. బడ్జెట్ సరిపోక టర్బో వదిలేసి మామూలు 1.5 లీటర్ పెట్రోల్ తీసుకుంటే వచ్చేది 115 పీఎస్ పవర్, 144 ఎన్‌ఎం టార్క్. ఇంజిన్ సైజు ఒకటిన్నర రెట్లు అయింది, బండి బరువు పెరిగింది, లాగే శక్తి మాత్రం తగ్గింది. హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఈ తేడా మొదటి రోజే తెలిసిపోతుంది.

క్రెటా తప్పేం లేదు. ఫ్యామిలీకి సీటింగ్, డిక్కీ, ఎత్తు అన్నీ బాగుంటాయి. అదే బాడీలో 160 పీఎస్ ఇచ్చే 1.5 టర్బో ఉంది, 250 ఎన్‌ఎం టార్క్ ఉన్న డీజిల్ కూడా ఉంది. తప్పంతా మోడల్ పేరు చూసి వేరియంట్ మర్చిపోవడంలోనే ఉంది. 'క్రెటా తీసుకున్నా' అంటే సరిపోదు.. ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ అన్నదే అసలు సంగతి.

అందుకే షోరూమ్‌కు వెళ్లే ముందు పాత కారులో ఏం తక్కువైందో ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. ఓవర్‌టేక్‌కు పవర్ చాలడం లేదా? వెనక కూర్చున్న అమ్మానాన్నలకు మోకాళ్లు తగులుతున్నాయా? స్పీడ్ బ్రేకర్లకు కింద గీసుకుంటోందా? సిటీ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి కాలు పీకుతోందా? ఒక్కో సమస్యకు ఒక్కో రకం కారు మందు. అన్నిటికీ ఒకే ఎస్‌యూవీ అనేది షోరూమ్‌లో చెప్పే మాట.

4 మీటర్ల గీత ఎందుకంత ముఖ్యం?

జీఎస్టీ మార్పు తర్వాత పెట్రోల్, సీఎన్‌జీ కార్లకు ఇంజిన్ 1200 సీసీ లోపు, పొడవు 4 మీటర్ల లోపు ఉంటే పన్ను 18 శాతం. డీజిల్ అయితే 1500 సీసీ దాకా, పొడవు అదే 4 మీటర్లు. రెండు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా నేరుగా 40 శాతం. మధ్యలో ఇంకో మెట్టు లేదు. గతంలో చిన్న కార్లకు సెస్సుతో కలిపి 29 నుంచి 31 శాతం, పెద్దవాటికి 45 నుంచి 50 శాతం దాకా ఉండేది. అంటే రెండు రకాల రేట్లూ తగ్గాయి కానీ చిన్నవాటికి ఎక్కువ తగ్గింది. గీతకు అటూ ఇటూ ఉన్న గ్యాప్ పెరిగింది.

పన్ను లేకుండా 10 లక్షల విలువైన కారు అనుకుంటే, గీతకు ఇటువైపు 11.80 లక్షలు, అటువైపు 14 లక్షలు. తేడా 2.20 లక్షలు. కథ అక్కడితో అయిపోదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో లైఫ్ ట్యాక్స్ కారు ధరను బట్టే పడుతుంది. ధర పెరిగితే కట్టేదీ పెరుగుతుంది. తెలంగాణలో 10 లక్షలు, 20 లక్షలు లాంటి మెట్లు దాటితే శాతం కూడా పెరుగుతుంది. ఇన్సూరెన్స్ ప్రీమియమూ అంతే. ఎక్స్‌షోరూమ్ ధర చూసి బడ్జెట్ వేసుకున్నవాళ్లు ఆన్‌రోడ్ కొటేషన్ చేతికొచ్చాక నోరెళ్లబెట్టేది ఇందుకే.

కార్ లవర్స్ తెలుసుకోవాల్సిన తమాషా ఇంకోటి ఉంది. పొడవు ఒక్కటే చూస్తే మోసపోతారు. మారుతి బ్రెజా పొడవు 3995 మిల్లీమీటర్లే, కానీ పెట్రోల్ ఇంజిన్ 1462 సీసీ. కాబట్టి 40 శాతం స్లాబ్. అదే కంపెనీ ఫ్రాంక్స్‌లో 1.2, 1.0 టర్బో ఇంజిన్లు ఉండటంతో 18 శాతం. జిమ్నీ చూడటానికి బుల్లి బండి, అయినా అదే 1462 సీసీ పెట్రోల్ కాబట్టి 40 శాతంలోనే ఉంది. మూడు డోర్ల మహీంద్రా థార్ ఇంకా విచిత్రం. వెనక చక్రాలతో నడిచే 1.5 డీజిల్ థార్‌కు 18 శాతం. ఫోర్ బై ఫోర్ కావాలంటే 2.2 డీజిల్ గానీ 2.0 పెట్రోల్ గానీ తీసుకోవాలి, అవి రెండూ 40 శాతంలోకి వస్తాయి. అడవి దారులకు, బురదకు వెళ్లని వాళ్లు ఫోర్ బై ఫోర్ బ్యాడ్జ్ కోసం పన్ను కట్టాలా అన్నది వాళ్లే ఆలోచించుకోవాలి.

గీతకు ఇటువైపే మజా ఉందా?

ఉంది. నిజానికి 4 మీటర్ల లోపు కార్లు ఇప్పుడున్నంత జోరుగా ఎప్పుడూ లేవు. స్కోడా కైలాక్‌లో 1.0 లీటర్ టర్బోకు 115 పీఎస్, 178 ఎన్‌ఎం. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓలో 1.2 లీటర్ డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో దాదాపు 130 పీఎస్, 230 ఎన్‌ఎం ఇస్తుంది. టాటా నెక్సాన్‌లో 1.2 టర్బో పెట్రోల్‌తో పాటు 1497 సీసీ డీజిల్ కూడా ఉంది, రెండూ 18 శాతంలోనే. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్‌లలో దొరికే 1493 సీసీ డీజిల్‌దీ అదే లెక్క. డీజిల్ టార్క్ రుచి మరిగినవాళ్లకు ఇంత తక్కువ పన్నుతో ఇంకో దారి లేదు.

ఈ సైజులో ఇరుకు మాత్రం తప్పదు. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా 270 కిలోమీటర్లు రావాలంటే మధ్యలో ఉన్న మనిషి సూర్యాపేటలోనే దిగిపోతానంటాడు. నెలకోసారి అందరూ కలిసి ఊరెళ్లే కుటుంబమైతే గీత దాటక తప్పదు.

గీత దాటితే.. సెడాన్‌ను మర్చిపోవద్దు

ఫోక్స్‌వ్యాగన్ పోలో తయారీ మన దేశంలో 2022లో ఆగిపోయింది. ఫోర్డ్ 2021లోనే ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పోలో, ఫిగో నడిపినవాళ్లు స్టీరింగ్ ఫీల్ గురించి, గట్టి సస్పెన్షన్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటారు. వాళ్లు నేరుగా పొడుగాటి ఎస్‌యూవీ ఎక్కితే మలుపుల్లో ఒరుగు భరించలేరు. ఎత్తయిన బండికి అది సహజం.

అలాంటివాళ్లు ఒక్కసారి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా 1.5 టీఎస్‌ఐ నడిపి చూడాలి. 150 పీఎస్, 250 ఎన్‌ఎం. హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బోకు 160 పీఎస్, 253 ఎన్‌ఎం. దాదాపు అదే డబ్బుకు వచ్చే ఎస్‌యూవీ కంటే ఇవి నేలకు దగ్గరగా ఉంటాయి, హైవే మీద అతుక్కుని పోతాయి. సెడాన్లను జనం మర్చిపోయారు కాబట్టి డీలర్ల దగ్గర బేరానికి కూడా చోటు ఎక్కువే. అమ్మేటప్పుడు అదే కారణం ఎదురు తిరుగుతుంది, సెడాన్ కొనేవాళ్లు తక్కువ.

ఊళ్లో సీసీ రోడ్డు మీద అడుగుకో స్పీడ్ బ్రేకర్, పొలం దాకా మట్టి దారి ఉంటే మాత్రం సెడాన్ ఆశ వదులుకోవాలి. ఐదుగురిని ఎక్కించుకుని ఆ స్పీడ్ బ్రేకర్ దాటించి చూశాకే సంతకం పెట్టాలి. ఒక్కరే కూర్చుని టెస్ట్ డ్రైవ్ చేస్తే కింద తగులుతుందో లేదో తెలియదు.

గేర్‌బాక్స్ దగ్గరే అసలు గొడవ

ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటి కావు. ఏఎంటీ అనేది మామూలు గేర్‌బాక్స్‌కు మోటార్లు పెట్టి గేర్లు మార్పించే పద్ధతి. చవక, మైలేజీ బాగుంటుంది, కానీ గేరు మారినప్పుడల్లా తల ఊగుతుంది. స్పీడ్ ఇష్టమున్నవాళ్లకు వారం తిరక్కుండానే విసుగొస్తుంది. సీవీటీ స్మూత్‌గా ఉంటుంది, గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి అంత ఊపుగా కదలదు. టార్క్ కన్వర్టర్ నమ్మకమైనది. డీజిల్‌తో దీని జోడీ బాగా కుదురుతుంది.

డీసీటీ, డీఎస్‌జీ అని పిలిచేవి రెండు క్లచ్‌లతో పనిచేస్తాయి. రెప్పపాటులో గేరు మారుతుంది, డ్రైవింగ్ ప్రియులకు దీన్ని మించింది లేదు. కానీ ఈ ధరలో వచ్చే వాటిలో చాలావరకు డ్రై క్లచ్‌లే. మే నెల ఎండలో అమీర్‌పేట్ నుంచి హైటెక్ సిటీ దాకా అడుగులో అడుగేసుకుంటూ రోజూ వెళ్లేవాళ్లు బ్రేక్ వదిలి, మళ్లీ తొక్కి, అంగుళం అంగుళం పాకిస్తుంటే క్లచ్ వేడెక్కుతుంది. ముందు కారుతో కాస్త దూరం వచ్చాకే కదలడం, ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకపోవడం అలవాటు చేసుకోవాలి. డీసీటీ కొనేవాళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ దగ్గర మాత్రం పిసినారితనం చూపించకూడదు.

మాన్యువల్ కోరుకునేవాళ్లకు చాయిస్ ఏటికేడు తగ్గిపోతోంది. అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం ఘాట్ రోడ్ల మీద సెకండ్ గేర్ నుంచి థర్డ్‌కు చేత్తో మార్చుకునే సరదా ఉన్నవాళ్లు.. ఇప్పుడున్నప్పుడే కొనుక్కోవడం నయం.

డీజిల్, హైబ్రిడ్, ఈవీ.. రోజుకు ఎన్ని కిలోమీటర్లు?

ఇప్పటి బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే ఇంజిన్ వేడెక్కి కొంతసేపు ఏకధాటిగా స్పీడ్ మీద నడవాలి. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు ఐదారు కిలోమీటర్లు వెళ్లి రావడానికి డీజిల్ కొంటే ఆ ఫిల్టర్ మూసుకుపోయి వార్నింగ్ లైట్ వెలుగుతుంది. వారానికోసారైనా ఓఆర్‌ఆర్ ఎక్కి అరగంట నడిపేవాళ్లకు ఈ బాధ పెద్దగా ఉండదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ లెక్క దీనికి పూర్తిగా ఉల్టా. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్లకు కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. సిటీ ట్రాఫిక్‌లో ఎంత ఆగి ఆగి వెళ్తే వీటికి అంత లాభం. అయితే బ్యాటరీ కోసం డిక్కీ చిన్నదైపోయింది, రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టాలంటే కష్టమే. స్పోర్టీగా నడపాలనుకునేవాళ్లను ఈ కారు ఉత్సాహపరచదు. మైలేజీ మీద ప్రేమ ఉంటే తప్ప అటు వెళ్లొద్దు.

పెట్రోల్ గురించి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం మామూలే. కొత్త కార్లు దీనికి తగ్గట్టే తయారవుతున్నాయి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన సెకండ్ హ్యాండ్ టర్బో కారు మీద కన్నేసినవాళ్లు మాత్రం ఆ మోడల్‌కు ఈ20 ఆమోదం ఉందో లేదో మాన్యువల్‌లోనో, పెట్రోల్ మూత వెనక స్టిక్కర్ మీదో చూసుకోవాలి.

ఈవీల విషయంలో పన్నుల లెక్క తలకిందులవుతుంది. పొడవు ఎంతైనా, పవర్ ఎంతైనా జీఎస్టీ 5 శాతమే. పైగా తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రిజిస్టర్ అయ్యే ఈవీలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టర్ చేయించేవాళ్లు అక్కడి రూల్స్ విడిగా కనుక్కోవాలి. మహీంద్రా బీఈ 6లో పెద్ద బ్యాటరీ వెర్షన్ 286 పీఎస్ ఇస్తుంది, అదీ వెనక చక్రాలకు. పెట్రోల్‌లో ఇంత పవర్ కావాలంటే జర్మన్ బ్రాండ్ల షోరూమ్ మెట్లెక్కాలి. కార్ లవర్స్ ఈవీలను ఇంకా చిన్నచూపు చూడటం అలవాటు కొద్దీ జరిగేదే తప్ప, దాని వెనక బలమైన కారణం లేదు.

కాకపోతే కంపెనీ చెప్పే రేంజ్ వేరు, హైవే మీద ఏసీ వేసి వంద స్పీడ్‌లో వెళ్తే వచ్చేది వేరు. చాలా తేడా ఉంటుంది. అన్నిటికంటే ముందు ఇంట్లో చార్జర్ పెట్టుకునే చోటు ఉండాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పాయింట్‌కు అసోసియేషన్ ఒప్పుకున్నాకే బుకింగ్ అమౌంట్ కట్టాలి. కారు వచ్చాక అడిగితే మీటింగుల మీద మీటింగులే.

లోన్ ఏడేళ్లా? అక్కడే ఇరుక్కుంటారు

కార్ల మీద మోజున్నవాళ్లు ఒకే బండిని ఏడేళ్లు ఉంచుకోరు. మూడు నాలుగేళ్లకే మనసు లాగుతుంది. లోన్ మాత్రం ఈఎంఐ తక్కువని ఏడేళ్లకు తీసుకుంటారు. 15 లక్షలు, 9 శాతం వడ్డీ అనుకుందాం. ఐదేళ్లకైతే ఈఎంఐ సుమారు 31,140 రూపాయలు. ఏడేళ్లకైతే 24,130. నెలకు ఏడు వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. మూడేళ్ల తర్వాత కారు మారుద్దామనుకుంటే మొదటివాళ్లు కట్టాల్సిన అసలు దాదాపు 6.8 లక్షలు, రెండోవాళ్లది దాదాపు 9.7 లక్షలు. కారు అమ్మితే వచ్చే డబ్బులో ఎక్కువ భాగం బ్యాంకుకే పోతుంది. తర్వాతి అప్‌గ్రేడ్‌కు చేతిలో డౌన్ పేమెంట్ ఉండదు.

పాత కారు ధర విషయంలోనూ ఆశలు తగ్గించుకోవాలి. కొత్త చిన్న కార్లు పన్ను తగ్గి చవకయ్యాయి కాబట్టి, సెకండ్ హ్యాండ్ కొనేవాడు పాత రేటు ఇవ్వడు. "మొన్నటిదాకా ఆరు లక్షలు పలికేది" అన్న వాదన అక్కడ చెల్లదు. ఎక్స్‌చేంజ్ బోనస్ ఎంతో, పాత కారుకు కట్టిన విలువ ఎంతో విడివిడిగా రాయించుకుంటే మంచిది. బోనస్ పెంచి విలువ తగ్గించడం పాత ఎత్తుగడే.

ఇయర్ ఎండ్ డిస్కౌంట్లకు కూడా ఒక కిటుకు ఉంది. డిసెంబర్‌లో తయారైన కారు జనవరి రాగానే కాగితం మీద ఏడాది పాతదవుతుంది. ఎనిమిదేళ్లు నడిపేవాళ్లకు ఫర్వాలేదు. మూడేళ్లకే అమ్మేవాళ్లకు ఆ డిస్కౌంట్ అంతా రీసేల్‌లో తిరిగి పోవచ్చు.

సేఫ్టీ స్టార్లు, మోడిఫికేషన్లు

2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులు మొదలయ్యాయి. పెద్దల రక్షణకు 32 పాయింట్లు, పిల్లల రక్షణకు 49 పాయింట్లకు లెక్క వేసి స్టార్లు ఇస్తారు. ఎక్కువ పవర్ ఉన్న కారు తీసుకునేవాళ్లు సన్‌రూఫ్ కంటే ముందు ఇది చూడాలి. ఓఆర్‌ఆర్ మీద ఇప్పుడు గరిష్ఠ వేగం 120. ఆ స్పీడ్‌లో పనికొచ్చేవి మంచి బ్రేకులు, ఈఎస్‌సీ, మంచి టైర్లు. యాంబియంట్ లైట్లు కావు.

బడ్జెట్ లేనివాళ్లు పాత కారునే మోడిఫై చేద్దామనుకుంటారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయంలో స్పష్టంగా చెప్పింది. ఆర్‌సీలో ఉన్న తయారీదారు స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదు. ఇంజిన్ రీమ్యాప్ చేయిస్తే వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ చిక్కొస్తుంది. కంపెనీ అనుమతించిన సైజులోనే మంచి టైర్లు, నాణ్యమైన బ్రేక్ ప్యాడ్లు వేయించుకుంటే ఐదేళ్ల పాత స్విఫ్ట్ కూడా కొత్త బండిలా అనిపిస్తుంది. కొత్త కారు ఆలోచన ఏడాది వాయిదా పడినా పడొచ్చు.

బయటి రాష్ట్రం బండి చవకా?

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షల కారణంగా అక్కడి పెద్ద కార్లు ఇక్కడికి తక్కువ ధరకు వస్తుంటాయి. జర్మన్ లగ్జరీ సెడాన్ కొత్త క్రెటా ధరకే దొరుకుతుంటే చేయి ఆగదు. కానీ అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ బండి వయసును బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పాత లగ్జరీ కారు ధర పడిపోతుంది గానీ దాని స్పేర్ పార్టుల ధర పడిపోదు. ఎయిర్ సస్పెన్షన్ ఒకటి పోతే చాలు, చవకగా కొన్నామన్న సంబరం ఆవిరి.

కాగితాల పని.. అందరూ మర్చిపోయేది ఇదే

క్లెయిమ్ చేయకుండా నడిపినవాళ్లకు ఇన్సూరెన్స్‌లో వచ్చే నో క్లెయిమ్ బోనస్ కారుకు చెందింది కాదు, ఓనర్‌కు చెందింది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం దాకా వెళ్తుంది. పాత కారు అమ్మేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఆ తగ్గింపు వస్తుంది. ఆ లెటర్‌కు మూడేళ్ల గడువు ఉంటుంది. డీలర్ తనంతట తాను ఇది గుర్తుచేస్తాడని ఎదురు చూడొద్దు.

కారు ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ కూడా బిల్లులో కలుస్తుంది. ఇది పోయే డబ్బు కాదు. పాన్ నంబర్ సరిగ్గా ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదంటే రీఫండ్ అడగొచ్చు.

ఇక పాత కారు తాళాలు ఇచ్చేసే రోజు. ఫామ్ 29, ఫామ్ 30 మీద సంతకాలు పెట్టి, లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీతో హైపోథికేషన్ తీయించి, ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదకు మారేదాకా వెంటపడాలి. రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో తేల్చింది. ఆ బండి తర్వాత ఎన్ని చేతులు మారినా, పేరు మారకపోతే చలాన్ల మెసేజ్‌లు, యాక్సిడెంట్ కేసు నోటీసులు పాత ఓనర్ ఫోన్‌కు, పాత ఓనర్ ఇంటికే వస్తాయి.